మేకు ఎవరి ఖర్మ?

కట్టుబడి పని జరిగే చోట ఎవరికైనా దెబ్బ తగిలితే చుట్టూ ఉన్నవాళ్ల నోట సాధారణంగా రెండు మాటల్లో ఒకటి వస్తుంది. "వాడి ఖర్మ అలా రాసిపెట్టి ఉంది" అన్నది ఒకటి, "వాడు చూసుకోవద్దా" అన్నది ఇంకొకటి. మొదటిది భారాన్ని దైవం మీద వేస్తున్నట్టు, రెండోది మనిషి మీద వేస్తున్నట్టు వినిపిస్తాయి. కానీ రెండూ చేసే పని ఒక్కటే: విచారణను దెబ్బ తిన్నవాడి గుమ్మం దగ్గరే ఆపేస్తాయి. అతని వెనకటి జన్మలోనో, ఆ పూట అతని పరధ్యానంలోనో కారణం దొరికిపోయాక ఇక వెతకాల్సింది ఏమీ ఉండదు. ఈ రెండు మాటలనూ పరీక్షకు పెట్టడానికి నెయిల్ గన్ అనే పనిముట్టు బాగా పనికొస్తుంది. అది చేసే గాయాలను అమెరికాలో ఏళ్ల తరబడి లెక్కపెట్టారు, ఎలా జరుగుతున్నాయో విడదీసి చూశారు, ఎలా తగ్గుతాయో కూడా తేల్చారు. ఒక గాయానికి కారణం ఫలానా అని తెలిసిపోయాక దాన్ని ఇంకా విధి అని పిలవవచ్చా అన్నది ఇక్కడి ప్రశ్న. పిలవకూడదనే నా వాదన. పిలిస్తే అది భక్తి అనిపించుకోదు, అధర్మమే అవుతుంది.

ముందు పనిముట్టు సంగతి చూద్దాం. అమెరికాలో ఎక్కువ ఇళ్లు చెక్క చట్రం మీద లేస్తాయి. గోడల్లో నిలువు కర్రలు, పైన దూలాలు, వాటి మీద పలకలు, అన్నిటినీ పట్టి ఉంచేవి మేకులే. ఒక్క ఇంటికి వేల మేకులు పడతాయి. సుత్తితో కొట్టే రోజులు పోయి, కంప్రెసర్ గాలితో మేకును దిగగొట్టే గన్ వచ్చింది. దానికి రెండు మీటలుంటాయి. ఒకటి వేలికి అందే ట్రిగ్గరు, రెండోది మూతి దగ్గర ఉండే స్ప్రింగు మీట. మూతిని చెక్కకు ఆనించి నొక్కితే గానీ మేకు బయటికి రాదు. తేడా అంతా ఈ రెంటినీ ఏ వరసలో నొక్కాలన్న దగ్గర వస్తుంది. ఒక రకంలో మూతి ముందు ఆనాలి, ఆ తర్వాతే ట్రిగ్గరు నొక్కాలి, ఇంకో మేకు కావాలంటే రెండూ వదిలి మళ్లీ మొదలుపెట్టాలి. దీన్ని సీక్వెన్షియల్ ట్రిగ్గరు, కచ్చితంగా చెబితే పూర్తి సీక్వెన్షియల్ ట్రిగ్గరు అంటారు. ఇంకో రకంలో ట్రిగ్గరు నొక్కి పట్టుకుని ఉంటే చాలు, మూతి దేనికి తగిలితే దానిలోకి మేకు దిగుతుంది. ఇది కాంటాక్ట్ ట్రిగ్గరు. పలక మీద టకటకా తాటించుకుంటూ పోవచ్చు కాబట్టి పనివాళ్లకు ఇదే ఇష్టం. ఆ మూతికి చెక్కా తొడా ఒకటే. నిచ్చెన దిగుతూ వేలు ట్రిగ్గరు మీదే ఉంచుకున్న మనిషి మోకాలికి గన్ తగిలితే మేకు మోకాలిలోకి వెళుతుంది. బిగుతు చోట గట్టిగా అదిమితే గన్ వెనక్కి తన్ని మళ్లీ ముందుకు పడుతుంది, అడగని రెండో మేకు వచ్చేస్తుంది. చెక్కలో కణుపు తగిలి పక్కకు తిరిగే మేకు, కర్రను పట్టుకున్న ఎడమ చేతిని వెతుక్కుంటూ వస్తుంది. మేకులను దండగా కలిపి ఉంచే సన్నని తీగ ముక్కలూ బట్ట పీలికలూ దాంతో పాటు గాయంలోకి పోతాయి. బయటికి లాగేటప్పుడు ఆ తీగ ముక్కలు ఇంకోసారి చీలుస్తాయి.

2001 నుంచి 2005 వరకు అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు ఈ గాయాలతో ఏటా సగటున 37 వేల మంది వచ్చారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2007లో ప్రకటించింది. అందులో పనివాళ్లు 22 వేల పైచిలుకు, మిగిలినవాళ్లు ఇంట్లో సొంతంగా పని చేసుకునేవాళ్లు. ఆ ఇళ్లవాళ్ల సంఖ్య 1991లో 4,200. 2005 నాటికి ఏటా సుమారు 14,800 అయింది. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హెస్టర్ లిప్స్‌కోంబ్, సెయింట్ లూయిస్ ప్రాంతపు వడ్రంగుల సంఘంతో కలిసి, పని నేర్చుకుంటున్న కుర్రాళ్లను ఏళ్ల పాటు గమనించింది. నాలుగేళ్ల శిక్షణ కాలంలో అయిదుగురిలో ఇద్దరు ఈ గన్‌తో గాయపడ్డారు. అయిదుగురిలో ఒకరికి రెండుసార్లు తగిలింది, పదిమందిలో ఒకరికి మూడుసార్లో అంతకు మించో తగిలింది. సగానికి పైగా గాయాలు చేతికి, వేళ్లకే. అనుభవం, శిక్షణ లెక్కలోకి తీసుకున్నాక కూడా కాంటాక్ట్ ట్రిగ్గరు వాడేవారికి ప్రమాదం సీక్వెన్షియల్ వాడేవారి కంటే సుమారు రెండింతలుగా తేలింది.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. గాయం ఎవరి పూర్వకర్మను బట్టి వారికి వచ్చేదే అయితే, ఒక చిన్న మీట నొక్కే వరస మారినంత మాత్రాన అది సగానికి తగ్గకూడదు. పద్నాలుగేళ్లలో ఇళ్లవాళ్ల గాయాలు మూడు రెట్లకు పైగా పెరిగాయంటే, ఆ పద్నాలుగేళ్లలో అమెరికన్ల పూర్వజన్మ పాపాలు మూడు రెట్లయ్యాయని ఏ ఆస్తికుడూ అనడు. ఈ పనిముట్టు వడ్రంగి చేతి నుంచి మామూలు కొనుగోలుదారు చేతికి వచ్చింది, అంతే. ఒక్కరి గాయం చూస్తే అది విధిలాగే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ క్షణంలో, ఆ చోట, ఆ చేతికే ఎందుకు తగిలిందన్న దానికి జవాబు ఉండదు. వేలమంది గాయాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాత్రం ఒక ఆకారం తేలుతుంది. ఆ ఆకారాన్ని తీర్చింది మనుషులు తీసుకున్న నిర్ణయాలే: ఏ ట్రిగ్గరు పెట్టాలి, ఎవరికివ్వాలి, ఎంత నేర్పాలి.

మన సంప్రదాయం కర్మ గురించి ఏం చెప్పిందో చూడాలంటే అనుశాసన పర్వం మొదట్లో భీష్ముడు చెప్పిన గౌతమి కథకు మించింది లేదు. ముసలి గౌతమి కొడుకును పాము కరిచి చంపింది. అర్జునకుడనే బోయవాడు ఆ పామును కట్టి తెచ్చి, చంపుతానన్నాడు. నా తప్పేముంది, మృత్యువు పంపితే కరిచాను అంది పాము. మృత్యువు వచ్చి, నన్ను కాలం నడిపించింది అంది. కాలుడు వచ్చి, మాలో ఎవరమూ కారణం కాదు, ఆ పిల్లవాడి కర్మే వాణ్ని చంపింది అన్నాడు. నిజమే, నా కొడుకు కర్మా నా కర్మా ఇలా ఉన్నాయి అని గౌతమి ఒప్పుకుంది, పాము విడుదలైంది. నింద పాము నుంచి మృత్యువుకు, మృత్యువు నుంచి కాలానికి చేతులు మారి, చివరికి చచ్చిపోయినవాడి దగ్గరే ఆగింది. ప్రతి ప్రమాద నివేదికా ఇలాగే నడుస్తుంది. పనిముట్టుది తప్పు కాదు, మేస్త్రీది కాదు, తయారీదారుది కాదు, నిబంధన అలా ఉంది, చివరికి చూస్తే పనివాడే జాగ్రత్తగా లేడు.

కానీ ఆ కథ ఎవరు, ఎవరికి, ఎందుకు చెప్పారో చూస్తే దాని అర్థం పూర్తిగా మారుతుంది. నా వల్లే కదా తాత ఇలా పడి ఉన్నాడు అని ధర్మరాజు కుమిలిపోతుంటే, అతన్ని ఓదార్చడానికి భీష్ముడు చెప్పాడు. అంటే ఆ మాట అంటున్నది ఒళ్లంతా బాణాలు దిగిన మనిషి. గాయపడ్డవాడు, గాయానికి తాను బాధ్యుడినని ఏడుస్తున్నవాడికి చెబుతున్నాడు. కథలో కూడా కర్మ అని ఒప్పుకుని పగ వదిలేసింది కొడుకును పోగొట్టుకున్న తల్లి. ధర్మరాజు భీష్ముడి దగ్గరికి వెళ్లి "తాతా, ఇది నీ ఖర్మ" అనలేదు. అని ఉంటే అతన్ని మనం ధర్మరాజు అని పిలిచేవాళ్లం కాదు. కర్మ సిద్ధాంతాన్ని దెబ్బ తిన్నవాడు తన కోసం వాడుకుంటే అది ఓర్పు, క్షమ. దెబ్బ తగలడానికి వీలు కల్పించినవాడు వాడుకుంటే అది తప్పించుకోవడం. అవే మాటలు పలికే నోరు మారగానే పుణ్యం నుంచి పాపానికి మారిపోతాయి. ఇంకొక తేడా కూడా ఉంది. గౌతమి కొడుకును కరిచిన పామును ఏ మనిషీ తయారు చేయలేదు, దానికి ఎలాంటి కోరలుండాలో ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. ట్రిగ్గరును నిర్ణయించారు.

ఆయుర్దాయం ముందే ఖాయమై ఉంటుందా అన్న ప్రశ్నను చరక సంహిత విమానస్థానంలో నేరుగా ఎత్తుకుని తేల్చింది. అందరి ఆయుష్షూ ముందే నిర్ణయమైపోతే మందులెందుకు, మంత్రాలెందుకు, మదించిన ఏనుగుకు దూరంగా తొలగడం ఎందుకు అని అడుగుతుంది. దైవం బలహీనంగా ఉన్నచోట మనిషి ప్రయత్నం దాన్ని గెలుస్తుందని చెబుతుంది. అక్కడే బండి ఇరుసు మాట వస్తుంది. మంచి ఇరుసు తన కాలం తీరేదాకా నడిచి అరిగిపోతుంది. అదే ఇరుసు మోయలేని బరువు వేస్తేనో, దారి గతుకులైతేనో, తోలేవాడు సరిగా లేకపోతేనో నడిమధ్యలో విరుగుతుంది. అకాల మృత్యువు అంటే ఆ రెండోది. వైద్యుడు ఇలా ఆలోచించక తప్పదు, లేకపోతే రోగిని ముట్టుకోలేడు. బుద్ధుడు కూడా శివకుడనే పరివ్రాజకుడికి ఇదే చెప్పాడు. మనిషి పడే బాధలన్నీ పూర్వకర్మ వల్లే అనడం తప్పని, పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు, జాగ్రత్త లేని నడవడి, హఠాత్తుగా తగిలే దెబ్బ వంటి వాటిని వరసగా లెక్కపెట్టి, ఎనిమిదింటిలో కర్మఫలం ఒకటి మాత్రమే అన్నాడు. కనబడే కారణాన్ని కాదని కనబడనిదాన్ని పట్టుకోవడం ఆయనకు నచ్చలేదు.

దీనికి నిష్ఠగల ఆస్తికుడు ఒక బలమైన అభ్యంతరం చెప్పగలడు. కర్మ గాలిలోంచి ఊడిపడదు, ఏదో ఒక కారణం ద్వారానే పని చేస్తుంది. ఆ ట్రిగ్గరు కూడా కర్మ చేతిలో సాధనమే. ట్రిగ్గరు మారి గాయం తప్పినవాడికి అలా తప్పడమే రాసిపెట్టి ఉంది. ఈ వాదన లోపల ఎక్కడా తప్పు పట్టలేం. ఏం జరిగినా అది సరిపోతుంది కాబట్టే పట్టలేం. అలాగే అనుకుందాం. అప్పుడు కూడా ట్రిగ్గరు మార్చాల్సిన మేస్త్రీకి ఈ సిద్ధాంతం ఏం చెబుతుంది? మార్చవద్దని చెప్పదు. గాయపడటం ఒకరి పూర్వకర్మ కావచ్చు, కానీ తెలిసి తెలిసి ఆ పనిముట్టు చేతికివ్వడం ఇంకొకరి వర్తమాన కర్మ. కర్మను నిజంగా నమ్మేవాడు భయపడాల్సింది రెండోదాని గురించి. ఎదుటివాడి ఖాతా లెక్కలు మనకు తెలియవు, మన ఖాతాలో ఈ రోజు ఏం రాస్తున్నామో తెలుసు.

"వాడు చూసుకోవద్దా" అనేవారిది ఇంకో దారి. మనిషికి స్వేచ్ఛ ఉంది, ట్రిగ్గరు మీద వేలు పెట్టుకుని తిరగమని ఎవరూ చెప్పలేదు, తన పనికి తానే బాధ్యుడు అంటారు. శిక్షణ లేనివారికి ఎక్కువగా తగులుతుందన్నది నిజమే, అధ్యయనాలు కూడా అదే చెప్పాయి, కాబట్టి ఈ మాటను కొట్టిపారేయలేం. కానీ సుత్తికీ ఈ గన్‌కూ ఉన్న తేడా చూడండి. సుత్తి దెబ్బ ప్రతిదానికీ ఒక సంకల్పం ఉంటుంది, చేయి లేపాలి, చూడాలి, కొట్టాలి. కాంటాక్ట్ ట్రిగ్గరులో సంకల్పం ఒక్కసారే, వేలు బిగించినప్పుడు. తర్వాతి మేకులన్నీ తగలడం వల్ల దిగుతాయి, అనుకోవడం వల్ల కాదు. మనిషి ఇచ్ఛనూ క్రియనూ విడదీసేలా పనిముట్టును చేసి, ఆ తర్వాత జరిగిన క్రియకు అతని ఇచ్ఛను నిలదీయడం న్యాయం కాదు. రోజుకు వందలసార్లు ఒకే కదలిక చేసే చెయ్యి ఎప్పుడో ఒకసారి తప్పుతుంది. అది అతని దుర్గుణమేమీ కాదు, చేతుల స్వభావం. సీక్వెన్షియల్ ట్రిగ్గరు ప్రతి మేకుకూ సంకల్పాన్ని తిరిగి తెచ్చి పెడుతుంది. మనిషి బాధ్యతను గట్టిగా నమ్మేవారు అందరి కంటే ముందు దాన్ని కోరాలి.

బాధ్యతను పంచే పద్ధతి పాతవాళ్లకు తెలియంది కాదు. మనుస్మృతితో మనకు ఎన్నో పేచీలున్నాయి, ఉండాలి కూడా. అయినా దాని ఎనిమిదో అధ్యాయంలో బండి ప్రమాదాల గురించి చెప్పినచోట ఒక సూక్ష్మం ఉంది. ముక్కుతాడు తెగడం, కాడి విరగడం వంటి కొన్ని సందర్భాల్లో ఎవరికీ దండన లేదు. తోలేవాడు పనితనం తెలిసినవాడైతే దండన అతనికి. పని రానివాణ్ని కూర్చోబెట్టి తోలించి ఉంటే జరిమానా యజమానికి, రెండు వందల పణాలు. తోలినవాడి చేతిలోనే పగ్గాలున్నా, అతన్ని అక్కడ కూర్చోబెట్టిన నిర్ణయానికి వెల కట్టారు.

ఎవరూ కావాలని చేయలేదు కదా, ఉద్దేశం లేనిచోట పాపం ఎలా అంటుతుంది అన్నది మిగిలిన ప్రశ్నల్లో గట్టిది. బైబిల్ దీనికి ఇచ్చిన జవాబు నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడికి ఒక ఆజ్ఞ ఉంది: మేడ చుట్టూ పిట్టగోడ కట్టు, లేకపోతే అక్కణ్నుంచి ఎవరైనా పడితే ఆ రక్తదోషం నీ ఇంటి మీదికి వస్తుంది. కట్టినవాడు ఎవరినీ తోయలేదు. పడ్డవాడు తన కాళ్లతోనే నడిచి పడ్డాడు. అయినా దోషం ఇంటివాడిది. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమనిడీస్ ఈ ఆజ్ఞను పిట్టగోడతో ఆపకుండా, ప్రాణానికి ముప్పు తెచ్చే ప్రతి వస్తువుకూ వర్తింపజేశాడు. నిర్గమకాండంలో పొడిచే ఎద్దు సంగతి ఇంకా సూటిగా ఉంది. ఎద్దు మొదటిసారి ఎవరినైనా పొడిచి చంపితే యజమాని నిర్దోషి. అది పొడిచే రకమని ముందే అతనికి చెప్పి ఉండి, అయినా కట్టేయకపోతే అతను దోషి. ఉద్దేశం రెండు సందర్భాల్లోనూ లేదు. తేడా తెచ్చింది తెలియడం ఒక్కటే. తెలిసిన క్షణం నుంచి ఊరుకోవడం కూడా చేసిన పనే అవుతుంది. నెయిల్ గన్ విషయంలో ఆ తెలియడం చాలా ఏళ్ల కిందే జరిగింది. 2011లో అమెరికా కార్మిక భద్రతా సంస్థలు రెండూ కలిసి కాంట్రాక్టర్లకు మార్గదర్శిని వేసి, పూర్తి సీక్వెన్షియల్ ట్రిగ్గరే వాడమని అందులో మొదటి సలహాగా చెప్పాయి. అది సలహాగానే మిగిలింది. ఫలానా ట్రిగ్గరే ఉండాలన్న ఆదేశం అక్కడి కేంద్ర నిబంధనల్లో లేదు.

ప్రపంచంలో ఏ పనిలో ముప్పు లేదు, అన్నిటికీ భయపడితే ఇళ్లు లేస్తాయా అంటారు. ఆ ఆజ్ఞ మేడ కట్టవద్దనలేదు, పిట్టగోడ కట్టమంది. ఎంత ముప్పును ఎంత ఖర్చుతో తప్పించవచ్చు అన్నదే తూకం. ఆ తూకం కూడా వేసి చూశారు. అనుభవం ఉన్న పదిమంది వడ్రంగులతో ఒకే కొలతల చిన్న షెడ్లు రెండేసి కట్టించారు, ఒకటి ఈ ట్రిగ్గరుతో, ఒకటి ఆ ట్రిగ్గరుతో. కాంటాక్ట్ ట్రిగ్గరుతో మేకులు కొట్టే సమయం 10 శాతం తగ్గింది. కొలవడం, కోయడం, అమర్చడం అంతా కలిపి చూస్తే మొత్తం పనిలో ఆ ఆదా ఒక శాతం కూడా లేదు. ట్రిగ్గరు తేడా కంటే మనిషికీ మనిషికీ ఉన్న పనితనపు తేడాయే ఎక్కువగా తేలింది. ఒక శాతం లోపు సమయం కోసం రెండింతల గాయాలు. ఈ బేరాన్ని దేవుడి మీద పెట్టడం దేవుణ్ని అవమానించడమే.

తలలో మేకు దిగినా బతికి బయటపడ్డ పనివాడి ఎక్స్-రే అప్పుడప్పుడు వార్తల్లో కనిపిస్తుంది. అద్భుతం అంటారు, దేవుడి దయ అంటారు. బతికినవాడు చేతులెత్తి మొక్కుకుంటే అందులో నిజముంది, దాన్ని ఎవరూ లాక్కోకూడదు. అలాగే వేలు చచ్చుపడి, పిడికిలి బిగియక, వచ్చిన పని ఇక చేయలేక ఇంట్లో కూర్చున్నవాడు నా రాత ఇంతే అనుకుంటే, ఆ మాట అతనికి పగను దాటించి రేపటి పొద్దును చూపవచ్చు. కర్మ సిద్ధాంతానికి ఆ చోటు ఉంది, అది చిన్న చోటు కాదు. కానీ అతని పక్కన నిలబడి అదే మాట అనే హక్కు మేస్త్రీకి, కంపెనీకి, ఇల్లు కొన్నవాడికి లేదు.

ఇల్లు కొన్నవాడు అనే మాటలో మనం కూడా ఉన్నాం. టెక్సస్‌లోనూ నార్త్ కరొలైనాలోనూ తెలుగువాళ్లు కొంటున్న కొత్త ఇళ్లు ఈ చెక్క చట్రాలవే. వాటికి మేకులు కొట్టేవారిలో చాలామంది లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చిన పనివాళ్లు. స్థలం కొనేటప్పుడు వాస్తు చూస్తాం, ఈశాన్యం అడుగుతాం, గడపకు పసుపు రాసి పాలు పొంగిస్తాం. రక్తదోషం లేని ఇల్లు కావాలన్న కోరిక వాటన్నిటి కింద ఉందని నేను నమ్ముతాను. ఇక్కడ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ప్లైవుడ్, కప్‌బోర్డుల పని చేసేవారి చేతుల్లోకి కూడా కంప్రెసరు, గన్ వచ్చేశాయి. దసరా నాడు ఆ పనిముట్లకు కుంకుమ పెట్టి దణ్ణం పెడతారు. ఆ దణ్ణానికి ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. మీ ఇంటికి మేకులు కొట్టే గన్‌కు ఏ ట్రిగ్గరు ఉందో బిల్డర్‌ను అడగండి. కాంటాక్ట్ ట్రిగ్గరు అంటే మార్పించమని చెప్పండి. చాలా కంపెనీల గన్‌లకు సీక్వెన్షియల్ ట్రిగ్గరు విడిగా దొరుకుతుంది, గన్ మొత్తం మార్చక్కర్లేదు.